పరిశోధన కోసం ప్రభుత్వ ఆరోగ్య డేటా సంపాదించడం ఎలా: విజయవాడ, గుంటూరు పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

పరిశోధన కోసం ఆరోగ్య శాఖను డేటా అడిగితే ‘ఇవ్వం’ అని కాగితం మీద రాసిచ్చేవారు అరుదు. అర్జీ ఇన్‌వార్డులో పడుతుంది, నంబరు వేస్తారు, తర్వాత ఫైలు ఏదో ఒక సీటు దగ్గర ఆగిపోతుంది. సంతకం పెట్టాల్సిన అధికారి మనసులో రెండు ప్రశ్నలుంటాయి. వీళ్లకి నిజంగా ఇంత డేటా అవసరమా? రేపు ఇది బయటికి పొక్కితే జవాబు చెప్పేదెవరు? ఈ రెండింటికీ సమాధానం అర్జీలోనే కనపడితే ఫైలు కదులుతుంది. పీజీ థీసిస్‌కైనా, పెద్ద అధ్యయనానికైనా దారి ఇదే.

చెప్పేది తేలిగ్గా అర్థమవడానికి ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా ఉన్న సమస్య. అక్కడి రోగులు పక్క మండలాల వారికంటే చిన్న వయసులోనే డయాలసిస్‌కి వస్తున్నారా? దీనికి జవాబు దొరికే అవకాశమున్న చోటు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు క్లెయిముల డేటా. ఇది 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే.

మొదటి పని: ఖాళీ పట్టికలు గీయడం

అర్జీ రాయకముందే, మీ థీసిస్‌లోనో వ్యాసంలోనో చివరికి అచ్చయ్యే పట్టికలను అంకెలు లేకుండా గీయండి. అడ్డువరుసల్లో ఏముంటుంది, నిలువు వరుసల్లో ఏముంటుంది అన్నది తేల్చుకోండి. ఏ పట్టికలోకీ రాని కాలమ్‌ను అడగకండి.

మన ఉదాహరణకు కావలసినవి ఇవి: రోగికి ఒక మారు సంఖ్య (పేరుకు బదులు ఇచ్చే నంబరు), వయసు, స్త్రీనో పురుషుడో, నివాస మండలం, మొదటి డయాలసిస్ జరిగిన నెల, సంవత్సరం, మొత్తం సెషన్ల సంఖ్య, ఆసుపత్రి ప్రభుత్వానిదా ప్రైవేటుదా. ఏడు కాలమ్‌లతో పని అయిపోతుంది. పేరు, రేషన్ కార్డు నంబరు, ఫోను, ఊరు, డాక్టరు పేరు, క్లెయిము సొమ్ము ఇవేవీ అక్కర్లేదు. ‘పథకం మొదలైనప్పటి నుంచి ఉన్న డేటా అంతా ఇప్పించగలరు’ అని రాసిన అర్జీని ఏ అధికారీ ముట్టుకోడు. ఏడు కాలమ్‌లు, మూడు ఆర్థిక సంవత్సరాలు, ఐదు మండలాలు అని రాస్తే చదివిన వెంటనే దాని కొలత తెలుస్తుంది.

ప్రతి కాలమ్ పక్కన ‘ఎందుకు’ అని ఒక వాక్యం రాయండి. మొత్తం కట్టలో అధికారులు శ్రద్ధగా చదివే కాగితం ఇదే.

అడగక్కర్లేని డేటా ఏది?

2012 నాటి జాతీయ డేటా పంపిణీ విధానం ప్రభుత్వ డేటాను మూడు రకాలు చేసింది. కొంత అందరికీ తెరిచి ఉంటుంది, కొంత పేరు నమోదు చేసుకున్నవారికి దొరుకుతుంది, మిగిలినది అనుమతి ఉంటేనే. మూడో రకం కోసం నెలలు తిరిగేముందు మొదటి రెండు చూసుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల నెలవారీ అంకెలు చేరే హెచ్‌ఎంఐఎస్ పోర్టల్‌లో కాన్పులు, టీకాలు, గర్భిణుల పరీక్షల నెలవారీ నివేదికలు జిల్లా స్థాయిలో ఎవరైనా చూడొచ్చు. రోగాల నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీ వారం వారం అంటువ్యాధుల నివేదికలు పెడుతుంది. జాతీయ నమూనా సర్వే 75వ రౌండులో (2017 జులై నుంచి 2018 జూన్ వరకు) ఆసుపత్రి ఖర్చుల వివరాలున్నాయి. వాటి యూనిట్ స్థాయి ఫైళ్లు (ఒక్కో ఇంటి జవాబులు విడివిడిగా ఉండేవి) కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో ఉచితం. కాకపోతే అది రాష్ట్రస్థాయి అంచనాలకు కట్టిన నమూనా. దానితో ఒక్క గుంటూరు జిల్లాకు లెక్క తీస్తే పరీక్షకులు మొదటి ప్రశ్నతోనే పట్టుకుంటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ఫైళ్లను ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌కు ప్రాజెక్టు వివరాలతో దరఖాస్తు చేసి తీసుకోవచ్చు. ఇందులో జిల్లా అంచనాలు వస్తాయి. అయితే గృహహింస ప్రశ్నలు, పురుషుల ఇంటర్వ్యూలు 15 శాతం ఇళ్ల ఉపనమూనాలోనే అడిగారు కాబట్టి వాటికి జిల్లా లెక్క కుదరదు. మహిళల ఫైలులో వెయిట్ కాలమ్ (నమూనాను జనాభాకు సరితూచే అంకె, వీ005) వాడేటప్పుడు 10 లక్షలతో భాగించాలి. సర్వే గ్రామాల జీపీఎస్ బిందువులు వాడాలనుకునేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆ బిందువులను కావాలనే జరుపుతారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో 5 కిలోమీటర్ల వరకు, పల్లె బిందువుల్లో ఒక శాతం 10 కిలోమీటర్ల వరకు జరుగుతాయి. ‘ఇంటికీ పీహెచ్‌సీకీ దూరం’ లెక్కలు వీటితో తీయకూడదు.

45 ఏళ్లు దాటినవారి మీద అధ్యయనమైతే వృద్ధాప్యంపై జాతీయ సర్వే లాసీ మొదటి విడత (2017-18) ఉంది, సుమారు 72 వేల మంది వివరాలతో. అదీ ఐఐపీఎస్ దగ్గరే.

డేటా ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడ పొరపడితే అర్జీ ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతుంది. కంప్యూటర్‌లో డేటా చూపించగలిగే మనిషి వేరు, ఇచ్చే అధికారం ఉన్న మనిషి వేరు. జిల్లా స్టాటిస్టికల్ ఆఫీసర్ దగ్గర లాగిన్ ఉంటుంది. అనుమతి మాత్రం జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) స్థాయిలోనో, ఇంకా పైననో ఉంటుంది.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) లాంటి బోధనాసుపత్రుల కేస్‌షీట్లకు సూపరింటెండెంట్ అనుమతి కావాలి. అవి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఉంటాయి. మెడికో లీగల్ కేసులను చాలాచోట్ల విడిగా భద్రపరుస్తారు, వాటిని అర్జీలో విడిగా ప్రస్తావించండి. వైద్య సేవ క్లెయిములకు ట్రస్టు ముఖ్య కార్యనిర్వహణాధికారిని అడగాలి. హెచ్‌ఎంఐఎస్ ఆసుపత్రి స్థాయి వివరాలకు, గర్భిణుల పేర్లతో ఉండే ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య) రికార్డులకు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కమిషనరేట్‌ను అడగాలి. టీబీ రోగుల వివరాలు నమోదయ్యే నిక్షయ్ పోర్టల్ డేటాకు రాష్ట్ర టీబీ అధికారి ఉన్నారు. ఆ కార్యక్రమంలో పరిశోధన ప్రతిపాదనలు చూసే రాష్ట్రస్థాయి కమిటీ ఉంటుంది, పీజీ థీసిస్‌లకూ అదే దారి. హెచ్‌ఐవీ వివరాలకు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, దానిపైన జాతీయ సంస్థ నాకో. క్యాన్సర్ రిజిస్ట్రీలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద బెంగళూరులో ఉన్న ఎన్‌సీడీఐఆర్.

మరణ కారణాల కోసం మున్సిపాలిటీ జనన మరణ రిజిస్ట్రార్‌ను అడగాలనుకుంటే ఒక అడ్డంకి ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మరణ రిజిస్టరు నుంచి ఎవరికి ఇచ్చే నకలులోనూ మరణ కారణం బయటపెట్టకూడదు. వ్యక్తుల వారీగా అడిగితే రిజిస్ట్రార్ నిరాకరించడం సబబే. కారణాల వారీగా, వయసు వర్గాల వారీగా కూడిన మొత్తం అంకెలనే అడగాలి.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ నుంచి ‘అందరి హెల్త్ రికార్డులు’ తీసుకోవచ్చనే ఊహ ఈమధ్య పెరిగింది. అక్కడ రికార్డులు ఒకే చోట పోగుపడవు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి, రోగి సమ్మతితోనే కదులుతాయి. పరిశోధన డేటా కోసం ఆ తలుపు తట్టి కాలం పోగొట్టుకోకండి.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ మీద జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేసే పీజీలు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వైద్యం కోసం మీకిచ్చిన లాగిన్ పరిశోధనకు అనుమతి కాదు. ఆ లాగిన్‌తో తీసిన స్క్రీన్‌షాట్ల మీద కట్టిన థీసిస్‌ను ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగుల హక్కులు కాపాడే సంఘం) తర్వాత ఆమోదించజాలదు. జరిగిపోయిన డేటా సేకరణకు వెనక తేదీతో అనుమతి ఉండదు.

ఎథిక్స్ కమిటీ దగ్గర

డేటా ఇచ్చే ఆఫీసు మొదట అడిగేది ఎథిక్స్ పత్రం. కమిటీ అడిగేది డేటా ఇచ్చే ఆఫీసు అంగీకారం. ఈ చిక్కుముడి విప్పడానికి ఆఫీసు నుంచి ‘ఎథిక్స్ అనుమతి వచ్చాక పరిశీలిస్తాం’ అనే సూత్రప్రాయ లేఖ ముందు తీసుకోండి. దాన్ని జతచేసి కమిటీకి వెళ్లండి.

మీ సంస్థ కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదై ఉండాలి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల తర్వాత జీవవైద్య పరిశోధన చూసే కమిటీలన్నిటికీ ఇది తప్పనిసరి. నమోదు సంఖ్య, దాని గడువు అనుమతి పత్రం మీద ఉన్నాయో లేదో చూసుకోండి. గడువు దాటిన నంబరుతో వచ్చిన పత్రాన్ని తిప్పి పంపుతారు. సొంత సంస్థ లేని స్వతంత్ర పరిశోధకులు ఏదైనా వైద్య కళాశాల అధ్యాపకులను సహ పరిశోధకులుగా కలుపుకోవడమే మంచి దారి.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో మూడు రకాల సమీక్షలున్నాయి. వ్యక్తి గుర్తులేమీ లేని, అందరికీ తెరిచిన డేటాకు మినహాయింపు అడగొచ్చు. గుర్తులు తీసేసిన పాత రికార్డులకు సాధారణంగా త్వరిత సమీక్ష చాలు. పేర్లతో రికార్డులు కలపాల్సి వస్తేనో, హెచ్‌ఐవీ, మానసిక ఆరోగ్యం వంటివైతేనో పూర్తి కమిటీకి సిద్ధపడండి.

రోగుల సమ్మతి మినహాయింపును విడిగా, రాతపూర్వకంగా అడగాలి. ‘రెట్రోస్పెక్టివ్ స్టడీ కాబట్టి సమ్మతి అక్కర్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. రోగులకు వచ్చే ప్రమాదం అతి తక్కువని ఎందుకంటున్నారు, వారిని మళ్లీ కలవడం ఎందుకు సాధ్యం కాదు, గుర్తులు ఎవరు, ఏ దశలో తీసేస్తారు, ఈ మూడూ రాయండి.

విదేశీ సంస్థతో డేటా పంచుకుంటున్నా, విదేశీ నిధులున్నా ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. మెల్‌బోర్న్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న స్నేహితుడికి లెక్కలు చూడమని ఫైలు పంపడం కూడా డేటా పంచుకోవడమే.

చట్టం ఏమంటుంది?

అధికారి అడిగేలోపు మీరే రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఇచ్చింది. షరతులు రెండు. ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి మీదా నిర్ణయం తీసుకోకూడదు, నియమాల్లో చెప్పిన ప్రమాణాలు పాటించాలి. డయాలసిస్ అధ్యయనంలో దొరికిన సమాచారంతో ఒక రోగి పథకానికి అర్హుడా కాదా అని ఎవరూ తేల్చకూడదన్నమాట. మీ అర్జీలో ఈ హామీ అక్షరాలా ఉండాలి.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలు) వ్యక్తి హెచ్‌ఐవీ స్థితి బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనూ 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది. ఈ రెండు రకాల డేటాలో పేర్లు తీసేసిన తర్వాతే మీ చేతికి రావాలని మీరే కోరండి.

అర్జీ కట్ట

ఒకే పీడీఎఫ్‌గా, పేజీ నంబర్లతో, ఈ వరుసలో కట్టండి: ఒక పేజీ లేఖ, మూడు నాలుగు పేజీల ప్రతిపాదన, కాలమ్‌ల పట్టిక, ఖాళీ పట్టికలు, ఎథిక్స్ పత్రం, డేటా భద్రత పత్రం, గోప్యత హామీపత్రం, పరిశోధకుల వివరాలు. లేఖ మీ గైడు, విభాగాధిపతి, ప్రిన్సిపాల్ మీదుగా వెళ్లాలి. ‘త్రూ ప్రాపర్ చానల్’ అన్న మాట, ఆ సంతకాలు లేని అర్జీ ఇన్‌వార్డు దాటదు.

లేఖలో అసలు విషయం ఇలా ఉండొచ్చు:

‘గౌరవనీయులైన ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి. ఎ.కొండూరు, దాని పక్కనున్న నాలుగు మండలాల డయాలసిస్ రోగుల వయసుపై అధ్యయనానికి జతచేసిన పట్టికలోని ఏడు కాలమ్‌లు మాత్రమే కోరుతున్నాము. పేర్లు, ఫోను, కార్డు నంబర్లు తమ కార్యాలయంలోనే తొలగించి ఇవ్వవలసిందిగా ప్రార్థన. డేటాను పేరు రాసిన ఇద్దరు పరిశోధకులు మాత్రమే చూస్తారు. ఐదుకంటే తక్కువ రోగులున్న ఏ గడి అంకెనూ ప్రచురించము. పని పూర్తయ్యాక ఫైలు చెరిపేసి ధ్రువపత్రం సమర్పిస్తాము.’

ఈ ఐదు వాక్యాల్లో మొదట చెప్పిన రెండు ప్రశ్నలకూ జవాబుంది.

గడిలో ఐదు అనే హద్దు ఎ.కొండూరు లాంటి చోట ప్రాణంతో సమానం. ఒక తండాలో డయాలసిస్ చేయించుకుంటున్న 30 ఏళ్ల మహిళ ఒక్కరే ఉంటే, పేరు లేకపోయినా ఊరంతా ఆమెను గుర్తుపడుతుంది. ఊరు వదిలి మండలం అడగమన్నది, పుట్టిన తేదీ వదిలి వయసు అడగమన్నది అందుకే. మొత్తాల వరుస అలాగే ఉంచి ఒక్క గడిని దాచినా లాభం లేదు. మిగతావి తీసేస్తే దాచిన అంకె బయటపడుతుంది. అదే వరుసలో రెండో గడిని కూడా దాచాలి.

గుర్తులు తీసేయడంలో ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. ఫోను నంబరును హ్యాష్ చేసేస్తే, అంటే ఒక సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చేస్తే చాలనుకుంటారు. 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. మామూలు ల్యాప్‌టాప్ వాటన్నిటికీ కొద్ది గంటల్లోపే హ్యాష్‌లు లెక్కకట్టి అసలు నంబరు పట్టేస్తుంది. కాబట్టి డేటా ఇచ్చే ఆఫీసే ఒక రహస్య పదం కలిపి హ్యాష్ చేయాలి, లేదా వరుస సంఖ్యలు ఇచ్చి పొంతన పట్టికను తన దగ్గరే ఉంచుకోవాలి. రెండోదే సులువు, అదే అడగండి.

ఫైలు వెంట

ఇన్‌వార్డు నంబరు తీసుకున్నాక ఈ-ఆఫీస్ ఫైలు నంబరు కూడా కనుక్కోండి. ఆ తర్వాత అడిగేటప్పుడు అదే చెప్పాలి. ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో, ఎవరు నోట్ పెడుతున్నారో తెలుసుకుని, సాంకేతిక సందేహాలకు మీరే వెళ్లి జవాబివ్వండి. విజయవాడ, మంగళగిరి చుట్టుపక్కలే రాష్ట్ర కార్యాలయాలు ఉండటం ఇక్కడి పరిశోధకులకు పెద్ద సౌకర్యం, వాడుకోండి. డేటా తీసే ఐటీ ఉద్యోగితో పది నిమిషాలు మాట్లాడితే ‘మీరడిగిన కాలమ్ మా దగ్గర లేదు, ఇది ఉంది’ అన్న నిజం నెలల ముందే తెలుస్తుంది. అనుమతికి ఆరు నెలలు పెట్టుకుని థీసిస్ కాలపట్టిక వేయండి. అధికారి బదిలీ అయితే కొత్తవారికి అదే ఫైలు నంబరుతో ఒక పేజీ సారాంశం ఇవ్వండి, కొత్త అర్జీ పెట్టకండి.

సమాచార హక్కు చట్టాన్ని ఎప్పుడు వాడాలి? మొత్తం అంకెలకు, సర్క్యులర్లకు, కోడ్ పుస్తకాలకు, ఫారాల నమూనాలకు బాగా పనికొస్తుంది. రాష్ట్రస్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఉన్న సమాచారం ఇస్తారే తప్ప మీకోసం కొత్త పట్టిక తయారు చేయనక్కర్లేదు. రోగుల వారీ డేటాకు ఈ దారి మూసుకుపోయినట్టే, వ్యక్తిగత సమాచారమని ఆ చట్టం 8(1)(జె) సెక్షన్ చూపిస్తారు. పైగా అనుమతి ఫైలు నడుస్తుండగా అదే ఆఫీసుపై ఆర్‌టీఐ వేస్తే ఆ ఫైలు బిగుసుకుపోవడం ఖాయం.

ఒప్పందంలో చూడాల్సిన రెండు మాటలు

డేటా ఇచ్చేముందు ఆఫీసు ఒప్పందం ఇస్తే, సంతకం చేసే ముందు అందులోని ప్రచురణ నిబంధన చదవండి. ‘ప్రచురణకు ముందు కార్యాలయ అనుమతి తప్పనిసరి’ అని ఉంటే, ‘30 రోజుల్లో అభిప్రాయం తెలపాలి, రాకపోతే ప్రచురించవచ్చు’ అని మార్చమని మర్యాదగా అడగండి. అంకెల్లో తప్పుంటే దిద్దుకునే అవకాశం ఆఫీసుకు ఉండటం న్యాయం. ఫలితం నచ్చలేదని ఆపే అధికారం ఇవ్వడం మాత్రం పరిశోధనను అమ్ముకున్నట్టే. రెండోది, పీజీ వెళ్లిపోయాక డేటాకు బాధ్యుడెవరు అన్నది. గైడు పేరు రాయించండి.

ఫైలు అందిన రోజు

వాట్సాప్‌లో పంపుతామంటే వద్దనండి. ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతితో తాళం వేసిన జిప్ ఫైలుగా, పాస్‌వర్డు వేరే ఫోన్ కాల్‌లో తీసుకోండి. అసలు ఫైలును చదవడానికి మాత్రమే వీలుగా పక్కన పెట్టి నకలు మీద పనిచేయండి. గూగుల్ డ్రైవ్‌లోకో, ఆన్‌లైన్ ఏఐ చాట్‌లోకో ఒక్క వరుస కూడా ఎక్కించకూడదు. మీరు రాసిన హామీ అక్కడితో భంగమవుతుంది.

నేరుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. 10,48,576 వరుసలు దాటినవి రావు. 15 అంకెలు దాటిన క్లెయిము నంబర్ల చివరి అంకెలు సున్నాలైపోతాయి. ముందున్న సున్నాలు రాలిపోతాయి. 05-06 అన్న తేదీ జూన్ 5 కాస్తా మే 6 అయిపోవచ్చు. టెక్స్ట్‌గా దిగుమతి చేసుకుని, వచ్చిన వరుసల సంఖ్య ఆఫీసు చెప్పినదానితో సరిపోయిందో మొదట చూడండి.

క్లెయిముల డేటాలో వరుస అంటే మనిషి కాదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకునే వ్యక్తికి ఏడాదికి 104 సెషన్లు, మూడుసార్లయితే 156. సెషన్‌కొక వరుస వస్తే వెయ్యి వరుసల వెనక పదిమంది కూడా ఉండకపోవచ్చు. మారు సంఖ్యతో మనుషులను లెక్కపెట్టాకే శాతాలు తీయాలి. సొంత డబ్బుతో హైదరాబాద్ వెళ్లినవారు, పథకం బయట ఆసుపత్రులకు వెళ్లినవారు ఈ డేటాలో ఉండరు. జనాభా హారంగా దొరికేది 2011 జనగణన మండల అంకెలే. ఇవి పరిమితులుగా రాయాల్సినవి.

జిల్లాల పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు గుంటూరు అంటే పల్నాడు, రేపల్లె, బాపట్ల అన్నీ. ఇప్పుడు గుంటూరు జిల్లా తెనాలి, మంగళగిరి, పొన్నూరు వైపు కొద్ది మండలాలే. పాత కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లా విడిపోయింది, నూజివీడు, కైకలూరు ఏలూరుకు పోయాయి, విజయవాడను ఆనుకున్న పెనమలూరు మాత్రం కృష్ణాలోనే ఉంది. 2021, 2023 గుంటూరు అంకెలు పక్కపక్కన పెట్టి ‘కేసులు సగానికి తగ్గాయి’ అని రాస్తే తగ్గింది జిల్లానే. మండలాల నుంచి కూడుకుంటూ రండి, అన్ని ఏళ్లకూ ఒకే సరిహద్దు పెట్టండి.

రెండు జాబితాలను పేర్లతో కలపడానికి అనుమతి దొరికితే, ఆ పని ఆఫీసు లోపలి కంప్యూటర్ మీదే చేయండి. లక్ష్మి ఒకచోట ‘క్ష’కు కేఎస్‌హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒక జాబితాలో ముందు, ఇంకోదాంట్లో చివర, మూడోదాంట్లో ఒక్క అక్షరం. నవజాత శిశువులు ‘బేబీ ఆఫ్’ తల్లి పేరుతో ఉంటారు. వయసులు 40, 45, 50 దగ్గర కుప్పపడతాయి. అచ్చంగా సరిపోయిన పేర్లతోనే కలిపితే సగం మంది జారిపోవచ్చు, వదులుగా కలిపితే ఇద్దరు వెంకటేశ్వరరావులు ఒక్కరవుతారు. వంద జతలు తీసి ఇద్దరు మనుషులు విడివిడిగా చేత్తో సరిచూసి, ఎన్ని తప్పాయో వ్యాసంలో రాయండి.

పని పూర్తయ్యాక ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, బ్యాకప్, గైడు కంప్యూటర్, నాలుగు చోట్లా చెరిపి, తేదీతో ధ్రువపత్రం అదే ఫైలు నంబరు మీద ఇవ్వండి. దానితోపాటు ఎ.కొండూరు పీహెచ్‌సీ వైద్యాధికారికీ, ట్రస్టుకూ మీ ఫలితాలు రెండు పేజీల తెలుగులో అందజేయండి.